జతకు ఇచ్చిన మాట

తమ్ముడు ఫోను ఎత్తడం లేదు.

బస్సు కండక్టరు పని వదిలి సభ్యురాలైన కండక్టరమ్మ సభాభవనం గ్రంథాలయంలో కిటికీ పక్కన నిలబడి మళ్ళీ చేసింది. అటు మోగి మోగి దానంతటదే ఊరుకుంది. పొద్దున్న షిఫ్టు కాబట్టి ఈపాటికి ఇంటికొచ్చి, తిని, కాళ్ళు బార్లా చాపుకుని నిద్రపోతూ ఉండాలి. నిద్రపోయేవాడు ఎత్తడులే అని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట గొంతు దిగలేదు. పొద్దున్న చీఫ్ విప్ అన్న మాట అడ్డం పడి ఉంది.

చీఫ్ విప్‌ను వెనకాల అందరూ పెళ్ళిపెద్ద అంటారు. పెళ్ళింట్లో ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు అలిగి గేటు దాకా వెళ్ళారు అని కనిపెట్టుకుని తిరిగే పెద్దమనిషిలా, అధికారపక్షం సభ్యులను చూసుకుంటూ తిరగడం ఆయన పని. ఓటు వేళకు ఒక్కరు తగ్గినా ఆయనదే పూచీ. ముఖం మీద నవ్వు చెరగదు. కోపం వస్తే ఇంకాస్త నవ్వుతాడు. పొద్దున్న మెట్ల దగ్గర ఆమెను ఆపినప్పుడు బాగా నవ్వాడు.

"తమ్ముడు బాగున్నాడా కండక్టరమ్మా? కరెంటాఫీసులో ఎలక్ట్రీషియన్ కదూ?"

"బాగున్నాడు సార్."

"నిరుడు సమ్మె కేసు ఒకటుండాలే. అది ఇంకా మూసెయ్యలేదట. పాపం, మంచి కుర్రాడు. కాస్త జాగ్రత్తగా ఉండమను."

అంతే అన్నాడు. ఎవరికైనా చెప్పుకుంటే, యోగక్షేమాలు అడగడం కూడా బెదిరింపేనా అని నవ్విపోతారు.

గొడవంతా భద్రతా బిల్లులో ఒక్క క్లాజు దగ్గర వచ్చింది. అనుమానం ఉన్న మనిషిని విచారణకని తీసుకెళ్ళి ఉంచుకునే అధికారం ఇచ్చే బిల్లు అది. దిగువ సభలో గట్టెక్కి ఈ పెద్దల సభకు వచ్చింది. ఇక్కడ రెండు పక్షాల సభ్యులతో వేసిన కమిటీ దాన్ని ముక్క ముక్కగా చదివి, ఒక క్లాజు చేర్చింది. తీసుకెళ్ళిన మనిషి ఎక్కడున్నాడో తెల్లారేలోగా అతని ఇంటివాళ్ళకు చెప్పాలి. ఆ క్లాజు తీసెయ్యాలని ప్రభుత్వం పట్టుబట్టింది. కమిటీలో కండక్టరమ్మ కూడా పార్టీ చెప్పిన ప్రకారం ఆ క్లాజు వద్దనే చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఆ రోజంతా బరువుగానే ఉంది గాని, పార్టీ టికెట్ ఇవ్వకపోతే బస్సులో టికెట్లు కొట్టుకునే మనిషిని ఈ సభలో కూర్చోబెట్టేదెవరు?

అదే కమిటీలో ఎదుటి పక్షం నుంచి ఒక ముసలి లాయరు ఉండేవాడు. మొదటి రోజు కాగితాల కట్ట చూసి ఆమె బెంబేలెత్తిపోతే పక్కకొచ్చి కూర్చున్నాడు.

"భయపడకమ్మాయ్. బిల్లంటే నీ బస్సే అనుకో. కింద సభలో మూడు స్టేజీలు, పైన మూడు స్టేజీలు. మధ్యలో మనలాంటి చెకింగువాళ్ళు ఎక్కి దించుతారు. రెండు సభలూ ఒకే మాట మీదకు వచ్చాకే అధినేత సంతకం. ఎక్స్‌ప్రెస్ సర్వీసు లేదిక్కడ."

"మధ్యలో బ్రేక్ డౌన్ అయితే బాబాయ్?"

"తొయ్యడానికి నువ్వూ నేనూ ఉన్నాంగా."

అప్పటి నుంచి ఆయన ఆమెకు బాబాయి. సభలో ఒకరి పార్టీని ఒకరు దుమ్మెత్తి పోసుకుంటారు, క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర టీ తాగుతారు. పాత సభ కథలు చెప్పడమంటే ఆయనకు ప్రాణం. ఎప్పుడో ఒక సభ్యుడు పూటుగా తాగొచ్చి, ఓటు వేళ ఔననేవాళ్ళ తలుపులోంచి వెళ్ళి, తిరిగొచ్చి, కాదనేవాళ్ళ తలుపులోంచి కూడా వెళ్ళాడట. "రెండు చోట్లా లెక్కలో పడ్డాడు. దేన్ని కొట్టేస్తారు? రెండూ ఉంచారు. ఒకదాన్నొకటి మింగేశాయి. రాత్రంతా తిరిగి తన గుమ్మంలోనే తేలినట్టయింది పాపం" అని బాబాయి నవ్వుతుంటే టీ ఒలికింది.

ఆ బాబాయికి గుండె ఆపరేషన్ పడింది. పడ్డది ఈ ఓటు రోజునే.

ఆ సభలో పాత మర్యాద ఒకటుంది. ఒక పక్షం సభ్యుడు మంచాన పడి రాలేకపోతే, రెండో పక్షం నుంచి ఒకరు తామూ ఓటుకు దూరంగా ఉంటామని మాటిస్తారు. ఇటొకటి అటొకటి తగ్గి, తూకం మారదు. దాన్ని జత అంటారు. దానికి రాతకోతలు లేవు. మాటే దాని ప్రాణం. బాబాయికి జతగా ఉంటానని కండక్టరమ్మ తనే ముందుకొచ్చింది. రెండు పక్షాల విప్‌ల ముందే క్యాంటీన్‌లో చేతులు కలిపారు. బాబాయి చెయ్యి చల్లగా ఉంది. "నిశ్చింతగా కోయించుకుంటానమ్మాయ్" అన్నాడు.

అప్పటికి ప్రభుత్వానికి బలం దండిగా ఉంది. ఒక ఓటు తగ్గితే పెళ్ళిపెద్దకు లెక్కే లేదు, పైగా మంచిపేరు. నిన్న మిత్రపక్షంలో కొందరు ఆ క్లాజు ఉండాల్సిందేనని అటు దూకారు. ఇప్పుడు కండక్టరమ్మ వేస్తే ప్రభుత్వం ఒక్క ఓటుతో గట్టెక్కుతుంది. వెయ్యకపోతే సరిసమానం, అప్పుడు క్లాజు తీసెయ్యడం కుదరదు.

మెట్ల దగ్గరి నవ్వుకు అర్థం అది. అందుకే ఆమె సభలోకి వెళ్ళకుండా గ్రంథాలయంలో నక్కింది. ఓటు గంట మోగి ఆగేదాకా బయట ఉంటే చాలు. గంట ఆగగానే తలుపులు బిగిస్తారు. బయటున్నవాళ్ళు బయటే, లోపలున్నవాళ్ళు లోపలే. లోపల చిక్కినవాళ్ళు రెండు తలుపుల్లో ఏదో ఒకదాంట్లోంచి వెళ్ళి తీరాలి. కూర్చుని ఉంటామంటే ఆ సభ ఒప్పుకోదు.

"ఇక్కడున్నావా తల్లీ!"

పెళ్ళిపెద్ద. ఆమె చేతిలో ఫోను జారబోయింది.

"కోరం పడిపోయిందమ్మా. అందరూ క్యాంటీన్ మీద పడ్డారు. తలలు చాలక సభ ఆగిపోయేట్టుంది. వచ్చి కాసేపు కూర్చో."

"సార్, నేను జతలో ఉన్నాను కదా."

"ఉన్నావులే, కలిపింది నేనేగా! ఓటు వెయ్యకూడదు గాని కూర్చోవడానికి కూడా జత అడ్డమా? మంత్రిగారి ఉపన్యాసం ఇంకా మొదలే కాలేదు. ఓటు సాయంత్రానికి గాని రాదు. ఈలోగా లేచి వెళ్ళిపో, ఎవరు పట్టుకుంటారు?"

ఆ మాట నిజమే. కోరానికి కూర్చోవడం ఓటు కాదు. కాదనడానికి ఆమెకు కారణం దొరకలేదు. బస్సులో ఎందరు మాయగాళ్ళను చూసిందో. అయినా పెద్దమనిషి మర్యాదగా పిలిస్తే లేచి వెళ్ళే అలవాటు పోలేదు. వెళ్ళింది.

సభలో ఆమె పక్క సీటు పళ్ళ డాక్టరుగారిది. సొంత పార్టీయే. మంచివాడు, పిరికివాడు. "వచ్చావేంటమ్మా?" అన్నాడు పెదవులు కదపకుండా.

"కోరానికట."

డాక్టరుగారు ఆమె వంక చూసి, మళ్ళీ ఎదురుగా చూస్తూ అన్నాడు. "కోరం నిండే ఉందే."

ఆమె తల తిప్పి చూసింది. బెంచీలు కిటకిటలాడుతున్నాయి. క్యాంటీన్‌లో ఎవరూ లేరు, అందరూ ఇక్కడే ఉన్నారు. లేవబోయేసరికి మంత్రి లేచాడు. ఉపన్యాసం నాలుగు మాటల్లో ముగించాడు. కమిటీ చేర్చిన క్లాజును తొలగించాలి, అంతే. అధ్యక్షురాలు ఔననేవాళ్ళను అనమంది, కాదనేవాళ్ళను అనమంది. రెండు కేకలూ ఒకేలా వినిపించాయి. ఎదుటి పక్షం లెక్కించాల్సిందేనని అరిచింది.

గంట మొదలైంది.

భవనమంతా మోగే గంట అది. గోడల్లోంచి వచ్చి పళ్ళలోకి పాకుతుంది. కండక్టరమ్మ సంచీ తీసుకుని బెంచీ చివరకు జరిగింది. చివర సీట్లో పెళ్ళిపెద్ద కూర్చుని ఉన్నాడు, కాళ్ళు ముందు బెంచీకి తన్నిపెట్టి.

"ఎక్కడికమ్మా?"

"దారివ్వండి సార్. బయటికెళ్ళాలి."

"కూర్చో తల్లీ. రద్దీగా ఉంది, పడిపోతావు."

"సార్, మీ ముందే మాటిచ్చాను. మీరే కదా కలిపారు."

"నేనే కలిపాను, నేనే విడదీస్తున్నాను." నవ్వు ఇంకాస్త విప్పారింది. "మీ మరదలు ఫోను చేసిందా?"

"ఎందుకు సార్? ఏమైంది?"

"నాకేం తెలుసమ్మా? ఊరికే అడిగాను. ఓటయ్యాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు."

సంచీలో ఫోను కదిలింది. తీసి చూసింది. మరదలు. సభలో ఫోను మాట్లాడితే బయటికి పంపేస్తారు. ఆహా, పంపితే బాగుండు అనుకుని చెవి దగ్గర పెట్టుకోబోయింది. పెళ్ళిపెద్ద చెయ్యి మెత్తగా ఆమె మణికట్టు మీద పడింది. కూతుర్ని వారించే తండ్రిలాగే. ఫోను అరచేతిలో కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. ఎదుటి బెంచీల నుంచి వాళ్ళ విప్ ఆమెనే చూస్తోంది. జతలో ఉన్న మనిషి లోపలెందుకు ఉందని అడుగుతున్న చూపు. కండక్టరమ్మ తల దించుకుంది.

గంట ఆగింది. తలుపులు మూసుకున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, గడియలతో సహా.

"పద తల్లీ" అని పెళ్ళిపెద్ద కాళ్ళు తీశాడు.

ఔననేవాళ్ళ తలుపు అధ్యక్షురాలికి కుడివైపు, కాదనేవాళ్ళది ఎడమవైపు. ఆ తలుపుల వెనక సన్నటి గదులు. గది చివర రెండు పక్షాల నుంచి చెరొకరు నిలబడి, దాటే ఒక్కొక్కరినీ లెక్కపెడతారు. దాటాక మళ్ళీ సభలోకే వస్తారు. వీపు మీద పెళ్ళిపెద్ద చెయ్యి ఉండగా కండక్టరమ్మ కుడివైపు గదిలోకి నడిచింది. లెక్క దగ్గర ఎదుటి పక్షం మనిషి ఆమెను చూసి నోరు తెరిచి, ఏమీ అనకుండానే తన లెక్క చదివాడు. అది తిట్టినట్టే తగిలింది.

తిరిగి సభలోకి వచ్చింది. అయిపోయింది. పెళ్ళిపెద్ద ఇంకెవరినో తోలుకురావడానికి వెనక్కి వెళ్ళాడు. ఇక ఆమె వెళ్ళి సీట్లో కూర్చుంటే చాలు, తమ్ముడు ఎక్కడున్నా ఇంటికొస్తాడు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోవడమే దాని గట్టితనం.

ఈ వేళకు బాబాయి ఆపరేషన్ బల్ల మీద ఉంటాడు. నిశ్చింతగా కోయించుకుంటానమ్మాయ్ అన్నాడు. ఆ చల్లటి చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉన్నట్టుంది. దాని వెంటే తాగుబోతు సభ్యుడి కథ వచ్చింది.

ఎడమవైపు తలుపు దగ్గర వరుస తగ్గిపోతోంది. చివర చేతికర్ర పట్టుకున్న పెద్దావిడ మెల్లగా నడుస్తోంది. ఆ కథ నిజమో, బాబాయి అల్లినదో కూడా తెలియదు. తమ్ముడి ముఖం కళ్ళ ముందుకొచ్చింది. చిన్నప్పుడు బస్సులో తన సీటు కింద దూరి కూర్చునేవాడు, చెకింగువాళ్ళు వస్తే పట్టుకుపోతారని. "నేనున్నాగా, నిన్నెవరు పట్టుకుపోతార్రా" అనేది.

వెళ్ళి పెద్దావిడ వెనక నిలబడింది.

గదిలో నడుస్తుంటే కర్ర చప్పుడు, తన గుండె చప్పుడు కలిసిపోయాయి. లెక్క దగ్గర సొంత పార్టీ కుర్ర సభ్యుడు ఆమెను చూసి గాభరా పడ్డాడు.

"అక్కా, మీరు ఇటు కాదు. అటు."

"అటు వెళ్ళొచ్చాను. ఇప్పుడు ఇటు."

"రెండు వైపులా ఎట్లా?"

"ఎట్లానో అట్లా. లెక్కపెట్టు నాయనా, వెనక బండి ఆగింది."

ఎదుటి పక్షం మనిషి గట్టిగా లెక్క చదివాడు. తప్పక కుర్రాడూ చదివాడు.

ఆ లెక్క సభలోకి వచ్చేసరికి తేనెతుట్టె కదిలినట్టయింది. మంత్రి లేచాడు, ఎదుటి విప్ లేచింది, అందరూ ఒకేసారి నియమాలు అరుస్తున్నారు. అధ్యక్షురాలు బల్ల చరిచి, కింద కూర్చున్న కార్యదర్శితో వంగి మాట్లాడి, తల ఎత్తింది.

"గౌరవ సభ్యురాలు నిలబడాలి."

కండక్టరమ్మ నిలబడింది.

"రెండు వైపులా లెక్కలో పడటం ఇదివరకు జరిగింది. పొరపాటున ఒకవైపు వెళ్ళి ఉంటే ఆ సంగతి చెప్పవచ్చు, దాన్ని కొట్టేస్తాం. తెలిసే వెళ్ళి ఉంటే రెండూ ఉంటాయి. మీరు పొరపాటున వెళ్ళారా, తెలిసే వెళ్ళారా?"

పెళ్ళిపెద్ద నడవ మధ్యలో నిలబడి ఉన్నాడు. నవ్వుతూ, పెదవులతోనే, చప్పుడు లేకుండా చెప్పాడు. పొరపాటు. ఒక్క మాట. ఆడమనిషి, చదువులేనిది, తికమక పడిందని అందరూ నవ్వుకుంటారు. నవ్వుకోనీ. తమ్ముడు ఇంట్లో ఉంటాడు. పళ్ళ డాక్టరుగారు ఆమె కొంగు పట్టుకుని "పొరపాటనవమ్మా, పొరపాటను" అని గొణుగుతున్నాడు.

ఆమె నోరు తెరిచింది.

"తెలిసే వెళ్ళానండి" అంది. బస్సులో వెనక సీటు దాకా వినబడే గొంతు అది, ఇప్పుడు ముందు బెంచీ దాటలేదు. "నేను జతలో ఉన్నాను. నా జత ఆసుపత్రిలో ఉన్నాడు. నన్ను బయటికెళ్ళనివ్వలేదు, అందుకని."

రెండూ ఉంచారు. ఒకదాన్నొకటి మింగేశాయి. ఓట్లు సరిసమానమయ్యాయి. సరిసమానమైతే అధ్యక్షురాలు వేసే ఓటుకూ ఆ సభలో పాత పద్ధతి ఉంది. కొత్త మార్పుకు తన ఓటుతో బలం ఇవ్వదు, కమిటీ పంపింది పంపినట్టే ఉంచుతుంది. అలాగే ఉంచింది. క్లాజు మిగిలింది. ఎదుటి బెంచీల మీద చప్పట్లు మోగాయి. ఆ మోతలో కండక్టరమ్మకు ఎక్కడో గడియలు తీస్తున్న చప్పుడే వినిపించింది.

గుమ్మం దగ్గర పెళ్ళిపెద్ద ఎదురయ్యాడు. "రిటర్న్ టికెట్ కొట్టావన్నమాట."

"ఔననేవాళ్ళ తలుపులోంచి వెళ్ళమని పార్టీ ఆదేశం సార్. వెళ్ళాను. రెండోదాంట్లోంచి వెళ్ళొద్దని అందులో లేదు."

"ఆదేశాల్లో రాయనివి చాలా ఉంటాయమ్మా." ఆయన ముఖం మీద ఇప్పుడు నవ్వు లేదు. నవ్వు లేని ఆ ముఖాన్ని ఆమె మొదటిసారి చూసింది. చాలా మామూలు ముఖం, ఏ బస్సులోనైనా ఎక్కే ముఖం. అదే ఎక్కువ భయం వేసింది.

మెట్లు దిగుతూనే మరదలికి చేసింది.

"వదినా, ఎక్కడున్నావ్? ఆయన రాలేదు వదినా. షిఫ్టు దిగి గేటు బయటికి రాగానే ఎవరో వ్యానెక్కించుకున్నారట. వాచ్‌మన్ చూశాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదట. ఫోను మోగుతోంది, ఎత్తడు. ఎవర్నడగాలి వదినా? చట్టం చేసేది మీరే కదా, నువ్వు చెప్పు, ఎవర్నడగాలి?"

కండక్టరమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఇంటివాళ్ళకు చెప్పాలన్న క్లాజు ఇప్పుడే బతికింది. బతికింది గాని ఇంకా చట్టం కాలేదు. పెద్దల సభ మార్చిన బిల్లు కాబట్టి మళ్ళీ కిందకు పోవాలి. వాళ్ళు ఒప్పుకోవాలి, లేకపోతే తీసేసి తిరిగి పంపుతారు. ఆ తర్వాత సంతకం. ఇన్ని స్టేజీలుండగా తమ్ముడు ఏ స్టేజీలో దిగాడో ఎవరు చెప్పాలి?

"నేనొస్తున్నా. తలుపేసుకుని ఉండు" అంది.

ఆమె ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా వాలలేదు. మరదలు గుమ్మంలోనే నిలబడి ఉంది. వీధిలో ఏ బండి చప్పుడైనా ఇద్దరి తలలూ ఒకేసారి లేచేవి. కాసేపటికి సందు మొదట్లో ఒక వ్యాను ఆగి, కదిలిపోయింది. తమ్ముడు నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా నలగలేదు. దెబ్బల్లేవు. చెప్పులు మాత్రం తారుమారుగా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్ళార్రా?" కండక్టరమ్మ అతని భుజాలు తడిమింది.

"తెలీదక్కా. ఒక గది. ఫోను తీసుకుని నా ఎదురుగానే బల్ల మీద పెట్టారు. మోగుతుంటే చూస్తూ కూర్చోబెట్టారు. ఏమీ అడగలేదు. టీ ఇచ్చారు. టీవీలో మీ సభ వస్తోంది. నువ్వు నిలబడటం చూశాను. అదయ్యాక ఒకడు ఫోను చేతిలో పెట్టి, పో అన్నాడు. మీ అక్కయ్యగారికి నమస్కారాలు చెప్పమన్నాడు. ఎందుకక్కా తీసుకెళ్ళారు? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నేను చేశాను."

ఆమె ఫోను మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. బాబాయి భార్య. ఆపరేషన్ బాగా జరిగిందట, తెలివి వచ్చిందట. "కళ్ళు తెరవగానే నన్ను అడగలేదమ్మా ఈయన! అమ్మాయి బయటే ఉందా, లోపలికెళ్ళిందా అని నీ సంగతే" అని ఆవిడ నవ్వుతూ ఏడుస్తోంది.

"లోపలికే వెళ్ళాను పిన్నీ. తాగుబోతు కథ నిజమేనని చెప్పండి, ఆయనకు తెలుస్తుంది."

ఫోను పెట్టేసరికి మరదలు తలుపు గడియ పెట్టి దానికే ఆనుకుని నిలబడి ఉంది.

"మళ్ళీ ఓటెప్పుడు వదినా?"

"కింద సభ నుంచి తిరిగొచ్చాక."

"అప్పటికి ఆ లాయరుగారు లేచి వస్తారా?"

"రారు. గుండె కోసిన మనిషి అంత త్వరగా ఎలా వస్తారు?"

"అయితే జత?"

కండక్టరమ్మ వంగి తమ్ముడి కాళ్ళ నుంచి ఆ తారుమారు చెప్పులు తీసి, సరిగ్గా తిప్పి గుమ్మం పక్కన పెట్టింది.

"రేపట్నుంచి షిఫ్టు దిగేటప్పుడు ఒంటరిగా గేటు దాటకురా" అంది. "నలుగురితో కలిసి రా. నేను కూడా వచ్చి నిలబడతాను."

అడిగినదానికి జవాబు వచ్చేసింది, జత అలాగే ఉంటుందని మరదలికి తెలిసింది.